సంతకం బిల్డరుది, పొయ్యి ఫ్లాటు వాళ్లది: గోదావరి డెల్టాలో కొత్త కట్టడాలకు పైపు గ్యాస్ ఒప్పందం చేసుకోవడం ఎలా

కోనసీమలో చాలా పొలాల గట్ల మీద గ్యాస్ పైపు హద్దురాళ్లు కనిపిస్తాయి. దాంతో "గ్యాస్ మన నేలలోంచే వస్తోంది, మన అపార్ట్‌మెంటుకు కనెక్షన్ ఎంతసేపు" అన్న ధీమా ఏర్పడుతుంది. ఆ ధీమాతో శ్లాబులు పడతాయి, ఫ్లాట్లు అమ్ముడుపోతాయి, రంగులూ పూర్తవుతాయి. అప్పుడు దరఖాస్తు పెడితే మూడు చిక్కులు ఒకేసారి బయటపడతాయి. పైపు ఎక్కించడానికి గోడ మీద చోటుండదు. రోడ్డు తవ్వే అనుమతి ఎవరు తేవాలో తేలదు. ఖర్చు ఎవరిదో ఏ కాగితంలోనూ ఉండదు.

ఈ మూడూ ఒప్పందంలో ముందే తేల్చుకోవలసినవి. ఇందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సంతకం పెట్టేది బిల్డరు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన ఇంకో ఊళ్లో ఇంకో సైటు మీద ఉంటాడు. బిల్లు కట్టేదీ, వాసన వస్తే ఫోన్ చేసేదీ ఫ్లాటు కొన్నవాళ్లు. సంతకం నాటికి వాళ్లెవరో కూడా తెలియదు. కాబట్టి ఆ గదిలో లేనివాళ్ల తరఫున కూడా ఆలోచించి ప్రతి షరతూ రాయించాలి. స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చిన యజమానికి, బిల్డరుకు, కొత్తగా సంఘం పెట్టుకుంటున్న ఫ్లాటు వాసులకు పనికొచ్చేలా పనిని మొదటి నుంచి వరసగా చూద్దాం.

1. మీ స్థలం దగ్గరున్న పైపు ఏ రకందో తేల్చుకోండి

పొలాల్లోంచి పోయే పెద్ద ఉక్కు పైపు బావుల నుంచి, టెర్మినళ్ల నుంచి దూరప్రాంతాలకు గ్యాస్ మోసేది. దాని ఒత్తిడి చాలా ఎక్కువ. దాని నుంచి ఇంటికి కనెక్షన్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పేలింది అలాంటి పెద్ద పైపే. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఇళ్లకు ఇచ్చే గ్యాస్ వేరే వలలోంచి వస్తుంది. పట్టణ పంపిణీ సంస్థ ఉక్కు పైపులో గరిష్ఠంగా 49 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది (బార్ అంటే ఒత్తిడి కొలత, అందులో వెయ్యో వంతు మిల్లీబార్). ఒత్తిడి తగ్గించే స్టేషన్ దగ్గర దాన్ని సుమారు 4 బార్‌కు దించి, వీధుల్లో పసుపు లేదా నారింజ రంగు పాలిథిలిన్ (ప్లాస్టిక్) పైపులోకి వదులుతారు. మీ గేటు దగ్గర రెగ్యులేటరు దాన్ని 100 మిల్లీబార్‌కు తగ్గిస్తుంది. మీటరు దగ్గర ఇంకో చిన్న రెగ్యులేటరు 21 మిల్లీబార్‌కు తెస్తుంది. పొయ్యికి చేరేది ఆ 21 మిల్లీబార్లే. కాబట్టి మీరు వెతకాల్సింది 4 బార్ పాలిథిలిన్ లైను ఎక్కడిదాకా వచ్చిందని.

పెద్ద పైపు మీ స్థలంలోంచే పోతుంటే జాగ్రత్త. 1962 నాటి పైపులైను చట్టం కింద పైపు వెంట హక్కు తీసుకున్న పట్టీలో భూమి మీదే అయినా కట్టడం కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. లేఅవుట్ గీసేటప్పుడే ఆ పట్టీ కొలతలు తెచ్చుకుని ప్లాట్ల బయట పెట్టండి. ప్లాటు అమ్మాక తెలిస్తే కొన్నవాళ్లకు ఇల్లు కట్టే దారి ఉండదు.

2. లభ్యత లేఖ తెచ్చుకోండి

ఒక ప్రాంతంలో ఇళ్లకు పైపులు వేసే హక్కును 2006 చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఒక సంస్థకు ఇస్తుంది. పాత ఉభయ గోదావరి జిల్లాలకు ఆ అనుమతి గోదావరి గ్యాస్ సంస్థకు దక్కింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా అనుమతి పత్రాల్లో పాత జిల్లాల పేర్లే ఉంటాయి. అమలాపురం వాళ్లు, భీమవరం వాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే ఏ కార్యాలయానికి వెళ్లాలో వెతుక్కోనక్కర్లేదు. ఎంచుకోవడానికి రెండో సంస్థ లేదు కాబట్టి మీరు బేరమాడగలిగేది షరతుల మీదే.

దరఖాస్తుకు సర్వే నంబరు, లొకేషన్ ప్లాను, అంతస్తుల వారీగా వంటగదుల నక్షా, దశల వారీగా ఫ్లాట్ల సంఖ్య, ఏ నెలకు జనం దిగుతారన్న అంచనా జతచేయండి. జవాబు మాటల్లో తీసుకోవద్దు. లేఖలో ఈ విషయాలు ఉండి తీరాలి: దగ్గరి పాలిథిలిన్ లైను ఎన్ని మీటర్ల దూరం, దాని వ్యాసం ఎంత, దారిలో కాలవ, రైలుకట్ట, జాతీయ రహదారి ఏవైనా దాటాలా, ఆ పొడిగింపు ఖర్చు ఎవరిది, లేఖ ఎన్నాళ్లు చెల్లుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: ఆ లైనులో గ్యాస్ నింపారా, ఉత్త పైపేనా? "మీ వీధిలో పైపు వేసేశాం" అనే మాట నిజమే అయినా, ఉక్కు లైనుతో కలపకుండా ఆ పైపు నెలల తరబడి ఖాళీగా ఉండొచ్చు. ఒప్పందంలో గడువులన్నీ గ్యాస్ నింపిన తేదీతో ముడిపడాలి గానీ పైపు వేసిన తేదీతో కాదు.

3. ఎంత గ్యాస్ కావాలో లెక్క వేయండి

రెండు బర్నర్ల పొయ్యి నిండుగా వెలిగితే గంటకు సుమారు 0.45 ఘనపు మీటర్లు తీసుకుంటుంది. నిమిషానికి 6 లీటర్ల గ్యాస్ గీజరు ఒక్కటే గంటకు 1.2 దాకా లాగుతుంది. ఇళ్లకు పెట్టే మామూలు మీటరు గరిష్ఠ ప్రవాహం గంటకు 2.5. అంటే మీటరు దగ్గర ఇబ్బంది రాదు. ఇబ్బంది వచ్చేది గోడ మీద నిలువుగా ఎక్కే పైపులో, అంటే రైజరులో.

40 ఫ్లాట్లు అనుకోండి. పొయ్యిలు మాత్రమే అయితే అన్నీ ఒకేసారి వెలిగినా 18 ఘనపు మీటర్లు. ఎప్పుడూ అన్నీ ఒకేసారి వెలగవు గనక ఇంజనీర్లు అందులో ఒక భాగానికే పైపు సైజు నిర్ణయిస్తారు. అదే ఇంటికో గీజరు పెడితే ఆ 18 కాస్తా 66 అవుతుంది. పైగా గీజర్లు పొద్దున్న 6 నుంచి 8 మధ్యే వెలుగుతాయి గనక ఒకేసారి వాడే ఇళ్ల శాతం కూడా పెరుగుతుంది. పొయ్యిల లెక్కతో రైజరు వేయించి తరవాత అందరూ గీజర్లు బిగిస్తే పై అంతస్తుల్లో మంట చిన్నదైపోతుంది. ఆ ఫిర్యాదుకు అప్పుడు మందు లేదు, పైపు మార్చాల్సిందే. గీజర్లు వస్తాయో రావో ముందే తేల్చి, ఒప్పందం వెనక జతచేసే పట్టికలో రాయించండి. గ్యాస్ గీజరు స్నానాలగది లోపల పెట్టకూడదన్నది కూడా అదే చోట ఉండాలి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌తో మనిషి వాసన కూడా తెలియకుండా పోతాడు.

కింద దుకాణాలు, కర్రీ పాయింటు, ఫంక్షన్ హాలు వంటశాల ఉంటే అవి వాణిజ్య వర్గం. ధర వేరు, మీటరు వేరు, వీలైతే లైను కూడా వేరుగా అడగండి. ఇళ్ల లెక్కలో వాటిని కలిపేస్తే రేపు తనిఖీలో ఇళ్లవాళ్ల సరఫరాకూ ఇబ్బంది వస్తుంది.

నెల వాడకం అంచనా సులువు. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడి సుమారు 16 నుంచి 18 ఘనపు మీటర్ల సహజవాయువుకు సమానం. నెలకు ఒక సిలిండరు వాడే ఇంటికి నెలకు 17 యూనిట్లు (ఒక యూనిట్ అంటే ఒక ఘనపు మీటరు) అనుకోవచ్చు. ఫ్లాటు కొనేవాళ్లు "ఏది చవక" అని అడిగితే యూనిట్ ధరను 17తో గుణించి ఆ రోజు సిలిండరు ధర పక్కన పెట్టి చూపండి.

4. పునాది దశలోనే రైజరు దారి గీయించండి

ఎదురెదురు ఫ్లాట్ల వంటగదులు ఒకే బయటిగోడ మీద ఆనుకుని ఉంటే ఒక రైజరు అంతస్తుకు రెండిళ్లకు సరిపోతుంది. ఐదంతస్తుల్లో 40 ఫ్లాట్లంటే అంతస్తుకు 8, కాబట్టి నాలుగు రైజర్లు. వంటగదులు తలో మూలా ఉంటే ఎనిమిది. స్టిల్టుతో కలిపి ఒక్కో రైజరు 18 మీటర్లు అనుకున్నా మొదటి పద్ధతిలో 72 మీటర్ల పైపు, రెండో పద్ధతిలో 144. వాటి క్లాంపులు, వాల్వులు, ఊయల కట్టి చేసే కూలి, అన్నీ రెట్టింపే. ఆర్కిటెక్టుకు ఒక్క గీత మార్చమని చెప్పడం వల్ల ఇంత మిగులుతుంది.

రైజరు ఎప్పుడూ బయటిగోడ మీద, గాలి ఆడే చోట పోవాలి. లిఫ్టు గొయ్యి, మూసిన డక్టు, మెట్ల కింద గది పనికిరావు. భూమి లోపలి పాలిథిలిన్ పైపు ఎండ తగిలితే పాడవుతుంది, మంటకు కరుగుతుంది. అందుకని నేల మట్టం దగ్గరే దాన్ని ఇనుప పైపులోకి మారుస్తారు. ఆ ఇనుప పైపు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 1239 ప్రకారం ఉండాలి, భూమిలో వేసే పాలిథిలిన్ ఐఎస్ 14885 ప్రకారం. నంబర్లు రెండూ ఒప్పందంలో ఉండాలి. కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఉత్త జింకు పూత నిలవదు, పైన పసుపు పౌడర్ కోటింగ్ ఉన్న పైపే అడగండి. క్లాంపులు, స్క్రూలు మామూలు ఇనుమువి పెట్టేస్తే పైపు బాగానే ఉన్నా క్లాంపే తుప్పు తిని ఊడుతుంది.

గోడ దాటే చోట స్లీవు, అంటే పైపు దూరే గొట్టం, వేయాలి. గోడ కట్టేటప్పుడే పీవీసీ ముక్క పెడితే ఏమంత ఖర్చు కాదు. అది మరిచిపోతే తరవాత కోర్ కట్టింగ్ యంత్రం తేవాలి. కరెంటు వైర్లకు, ఏసీ పైపులకు అడుగు దూరం ఉంచండి. రైజరుకు బట్టల తీగ కట్టడం, దానికి ఎర్తింగ్ తగిలించడం నిషిద్ధమని సంఘం నియమావళిలో రాయండి.

గాలి రంధ్రాల సంగతి చాలామంది పట్టించుకోరు. సిలిండరు గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలన పాకుతుంది. సహజవాయువు గాలిలో సుమారు 0.6 వంతు బరువే, పైకి పోయి సీలింగు కింద చేరుతుంది. కాబట్టి వంటగదిలో కప్పుకు దగ్గరగా తెరిచిన రంధ్రం కావాలి. కొన్నాళ్లు సిలిండరు కూడా ఉండే ఇంట్లో కింద కూడా కావాలి. ఫాల్స్ సీలింగ్ వేస్తే ఆ పైరంధ్రం మూసుకుపోతుందేమో చూడండి. యుటిలిటీ బాల్కనీలో మీటరు ఉంటే, ఇల్లు కొన్నాక దానికి అల్యూమినియం తలుపులు బిగించి గదిగా మార్చకూడదు.

5. ఒప్పందం

నిజానికి మూడు వేర్వేరు కాగితాలు ఉంటాయి. సంస్థకు, బిల్డరుకు మధ్య ప్రాంగణంలో పైపులు వేసే ఒప్పందం ఒకటి. ప్రతి ఫ్లాటు యజమాని సంస్థతో విడిగా చేసుకునే వినియోగదారు దరఖాస్తు ఇంకొకటి. రోడ్డు, కాలవ తవ్వే అనుమతులు మూడోవి. మొదటి దాంట్లో రాసింది రెండో దాంట్లో మారిపోతే ఏది చెల్లుతుందో మొదటి దాంట్లోనే చెప్పించండి. అగ్రిమెంటు ఇంగ్లీషులోనే వస్తుంది. కింద చెప్పిన అర్థం అందులో ఉందో లేదో లాయరుతో చదివించుకోండి.

ఎవరు సంతకం పెట్టాలి? డెల్టాలో ఎక్కువ అపార్ట్‌మెంట్లు స్థలం యజమాని, బిల్డరు వాటాలు పంచుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేస్తాయి. బిల్డరు చేతిలో ఉన్న జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలో ఫ్లాట్లు అమ్మే అధికారం ఉంటుంది గానీ, స్థలం లోపల ఇంకొకరి పైపు శాశ్వతంగా ఉండనిచ్చే అధికారం ఉండకపోవచ్చు. ఆ మాట లేకపోతే స్థలం యజమాని కూడా సంతకం చేయాలి. అన్నదమ్ముల ఉమ్మడి స్థలమైతే అందరూ చేయాలి.

హద్దు ఎక్కడ? సంస్థ ఆస్తి ఎక్కడ ముగిసి ఇంటివారిది ఎక్కడ మొదలవుతుందో ఒక్క వాక్యంలో తేలాలి. సాధారణంగా మీటరు నుంచి గ్యాస్ బయటికొచ్చే చివర దాకా సంస్థది, అక్కడి నుంచి పొయ్యి దాకా ఇంటివారిది. రైజరు గురించి మాత్రం ప్రత్యేకంగా రాయించండి. ఈ రకమైన వాక్యం ఉండాలి: "ప్రాంగణంలో భూగర్భ పైపు, రెగ్యులేటరు, రైజర్లు, మీటర్లు సంస్థ ఆస్తి. వాటి తనిఖీ, మరమ్మతు, మార్పిడి సంస్థ ఖర్చుతోనే. భవనానికి రంగులు వేసేటప్పుడు పైపు విప్పాల్సి వస్తే ఖర్చు సంఘానిది." చివరి వాక్యం చిన్నదే గానీ ఐదారేళ్లకోసారి గొడవ వచ్చేది దానిమీదే.

డబ్బు. ఇంటికి తీసుకునే డిపాజిట్ తిరిగిచ్చేదై ఉండాలి. దానికి నియంత్రణ బోర్డు పెట్టిన గరిష్ఠ పరిమితి ఉంది, అంతకుమించి అడిగితే ఏ పేరున అడుగుతున్నారో రాతలో చూపమనండి. ఒక పొడవు దాకా లోపలి పైపు ఉచితం, దాటితే మీటరుకింత అన్న పద్ధతి మామూలే. ఆ పొడవు ఎక్కడి నుంచి కొలుస్తారో, రైజరు నుంచా మీటరు నుంచా, రాయించండి. ఫ్లాటు అమ్మినప్పుడు డిపాజిట్ కొత్త యజమాని పేరుకు మారుతుందా, వెనక్కి వస్తుందా అన్నది కూడా. పన్నుల మాట: సహజవాయువు జీఎస్టీలో లేదు, దానిమీద రాష్ట్ర వ్యాట్ పడుతుంది. అదనపు పైపు పనుల మీద పడేది జీఎస్టీ. "పన్నులతో కలిపి" అని రాసి ఉందో "పన్నులు అదనం" అని ఉందో చూడండి.

మెయిన్ లైను దూరంగా ఉండి పొడిగింపు ఖర్చు మీరే పెట్టుకోవాల్సి వస్తే ఇంకో షరతు వేయించండి. ఆ పొడిగింపు మీద మీ తరవాత వేరే లేఅవుట్ గానీ హోటలు గానీ కలిస్తే, ఖర్చులో వాళ్ల వాటా మీకు తిరిగి రావాలి. ఎన్నేళ్ల వరకు, ఏ లెక్కన అన్నది స్పష్టంగా ఉండాలి. ఇది అడగకపోవడం వల్ల మీ డబ్బుతో వేసిన లైను మీద పక్కవాళ్లు ఉచితంగా కలుస్తారు.

గడువులు రెండు వైపులా ఉండాలి. సంస్థ "సైటు సిద్ధమైన 90 రోజుల్లో" అంటే, సిద్ధం అనే మాటకు అర్థం రాయించండి: బయటి ప్లాస్టరింగ్ అయింది, పరంజా గానీ ఊయల గానీ ఉంది, రైజరు దారిలో ఇసుక, కంకర కుప్పలు లేవు, స్లీవులు ఉన్నాయి. బిల్డరు సిద్ధమని లేఖ ఇచ్చిన తేదీ నుంచి రోజులు మొదలు. సంస్థ వారం లోపు వచ్చి చూసి లోపాలుంటే రాతలో చెప్పాలి. చెప్పకపోతే సిద్ధమైనట్టే లెక్క. ఈ చివరి మాట లేని ఒప్పందంలో గడువు ఎప్పటికీ మొదలు కాదు.

తుఫాను, వరద కారణంగా ఆలస్యానికి మినహాయింపు ఇవ్వడం న్యాయమే. అయితే "వర్షాలు" అన్న మాట ఒప్పుకోకండి. ఇక్కడ జూన్ నుంచి నవంబరు దాకా వానలే, ఏటా ఆరు నెలలు మినహాయింపు ఇచ్చినట్టవుతుంది. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక ఇచ్చిన రోజులు, ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఉన్న రోజులు, సైటులో నీళ్లు నిలిచిన రోజులు అని కొలవగలిగేలా రాయించండి.

కనీస నమోదు షరతు మీద జాగ్రత్త. ఇన్ని ఫ్లాట్లు చేరితేనే గ్యాస్ నింపుతామని సంస్థ అడగొచ్చు. పెట్టుబడి పెట్టేది వాళ్లు గనక అడగడం సబబే. కానీ మన దగ్గర చాలా ఫ్లాట్లు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు కొని తాళం వేసి ఉంచేవి. 40లో 30 చేరాలంటే ఏళ్లు పట్టొచ్చు. నమోదును డిపాజిట్ కట్టిన వారితో లెక్కించాలి, కాపురం ఉన్నవారితో కాదు. తాళం వేసిన ఇంటికి కనీస బిల్లు ఉంటుందా, ఎన్ని నెలలు వాడకపోతే కనెక్షన్ తీసేస్తారు, మళ్లీ ఇవ్వడానికి ఎంత, ఇవీ రాయించండి.

సంఘానికి బదిలీ షరతును మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలకండి. బిల్డరు హక్కులు, బాధ్యతలు సంఘం రిజిస్టరైన రోజు నుంచి వేరే సంతకం అక్కర్లేకుండా సంఘానికి చేరతాయని ఉండాలి. అయితే అప్పటికి బిల్డరు బకాయి పడ్డ డబ్బు, బిల్డరు పనిలో లోపాలు సంఘం మీదికి రాకూడదు. ఆ రెండూ విడదీసి రాయకపోతే సంఘం పుట్టిన రోజే అప్పుతో పుడుతుంది.

వీటితోపాటు అత్యవసర ఫోన్ నంబరు, ఎంతసేపట్లో మనిషి వస్తాడు, మూడో వ్యక్తికి నష్టం జరిగితే బీమా ఎవరిది, వేసిన పైపుల అసలు నక్షా పని అయ్యాక ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి ఉండాలి. 1906 సిలిండరు గ్యాస్ హెల్ప్‌లైన్. పైపు గ్యాస్ లీకుకు పంపిణీ సంస్థ సొంత నంబరే పనిచేస్తుంది, దాన్ని మెట్ల దగ్గర బోర్డు మీద రాయించండి.

6. లేఅవుట్ అయితే గిఫ్ట్ డీడ్‌కు ముందే

అపార్ట్‌మెంటులో దారి సంఘానిది. లేఅవుట్‌లో అలా కాదు. ఆమోదం పొందే క్రమంలో రోడ్లు, ఖాళీ స్థలం పంచాయతీకి గానీ మున్సిపాలిటీకి గానీ గిఫ్ట్ డీడ్‌తో అప్పగిస్తారు. ఆ రోజు నుంచి రోడ్డు తవ్వడానికి మీ మాట చెల్లదు. కాబట్టి పైపు రోడ్డు వేయకముందే, అప్పగింతకు ముందే పడాలి. అది వీలుకాకపోతే కనీసం రోడ్డు అంచున ఒక మీటరు పట్టీ వదిలి, రోడ్డు దాటే చోట్ల ఖాళీ పీవీసీ గొట్టాలు అడ్డంగా పాతించి ఉంచండి. సిమెంటు రోడ్డు పగలగొట్టి మళ్లీ పోసే ఖర్చు పైపు ఖర్చుకంటే ఎక్కువ అవుతుంది.

లేఅవుట్ బయట దారిలో ఎవరెవరున్నారో చూడండి. 16వ నంబరు, 216వ నంబరు జాతీయ రహదారులు, ఆర్ అండ్ బీ రోడ్లు, పంచాయతీ రోడ్లు, రైల్వే, ఒక్కొక్కరిదీ ఒక్కో ఫైలు. పంట కాలవలూ, మురుగు కాలవలూ కూడా వేర్వేరు విభాగాల కింద ఉంటాయి. ఒక కాగితంతో రెండూ దాటలేరు. అనుమతికి దరఖాస్తు పెట్టేది సంస్థ, ఫీజు, పునరుద్ధరణ డిపాజిట్ ఎవరిదన్నది ఒప్పందంలో ఉండాలి.

కాలవ పనికి కాలం ముఖ్యం. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు, సార్వాకు నీళ్లు వదిలేదాకా ఉండే ఆ కొద్ది వారాలే గట్టు మీద, కాలవలో పనికి అనువైనవి. జనవరిలో ఫైలు కదిలిస్తే ఆ వారాలు అందుతాయి. తప్పితే మళ్లీ వేసవే. మురుగు కాలవ కింద పైపు వేస్తే అడుగు నుంచి మీటరున్నర లోతు తగ్గకూడదు. ఆ అడుగును ఇప్పుడున్న పూడిక మీద కొలవకూడదు. పూడిక తీసే పొక్లెయినర్ దింపినప్పుడు దాని పళ్లు ఎక్కడిదాకా వెళ్తాయో, అసలు డిజైన్ అడుగు ఎక్కడో విభాగాన్ని అడిగి అక్కడి నుంచి కొలవాలి.

7. మన మట్టిలో కందకం

ప్రాంగణంలో పైపు పైన కనీసం మీటరు మట్టి ఉండాలి, పైపుకు 30 సెంటీమీటర్ల పైన హెచ్చరిక పట్టీ పరవాలి. డెల్టాలో మీటరు తవ్వేసరికే నీళ్లు ఊరుతాయి. అక్కడి నుంచి మొదలవుతాయి తప్పులు.

పాలిథిలిన్ పైపులను విద్యుత్తుతో వేడిచేసి అతికిస్తారు. అతికే చోట తడి, బురద వేలిముద్రంత ఉన్నా అతుకు పట్టదు. పరీక్షలో నిలిచినా కొన్నేళ్లకు విడిపోతుంది. నీళ్లు తోడి, అతుకు దగ్గర గొయ్యి వెడల్పు చేసి, పైపు పైపొర గీకి, తుడిచి, క్లాంపులో బిగించి, చల్లారేదాకా కదల్చకుండా ఉంచాలి. వీలైతే గట్టు మీదే అతికి కిందికి దించడం మేలు. ఖాళీ పైపు నీళ్లలో తేలుతుంది, అందుకని ఇసుక సంచులు బరువు పెట్టి పూడ్చాలి. నల్లరేగడిలో అడుగున, చుట్టూ 15 సెంటీమీటర్ల ఇసుక తప్పనిసరి. వేసవిలో ఆ మట్టి బీటలు తీసి పైపును పట్టి లాగుతుంది.

వరిచేను గానీ రొయ్యల చెరువు గానీ మెరక చేసి వేసిన లేఅవుట్లలో ఇంకో ప్రమాదం ఉంది. భవనం పునాదుల మీద కదలకుండా నిలుస్తుంది, చుట్టూ ఉన్న మెరక రెండు మూడు వానాకాలాలకు కుంగుతుంది. భూమిలోని పైపు మట్టితో దిగిపోతుంది, గోడకు క్లాంపు వేసిన ఇనుప పైపు దిగదు. విరిగేది ఆ రెండూ కలిసే అతుకు దగ్గరే. అక్కడ పాలిథిలిన్‌ను వదులుగా వంపు తిప్పి వేయించండి. మెరక వేసి కనీసం ఒక వానాకాలం గడిచాక రోలరు తిప్పి పైపు వేస్తే ఇంకా మంచిది.

గేటు దగ్గరి రెగ్యులేటరుకు గాలి పీల్చే రంధ్రం ఉంటుంది. వరద నీళ్లు అందులోకి పోతే ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఆ ఊళ్లో గతంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పాత ఇళ్ల గోడల మీద గుర్తులు చూసి, అంతకు పైన పెట్టించండి. కొబ్బరిచెట్టు కింద పెట్టకండి.

8. పరీక్ష, గ్యాస్ నింపడం, అప్పగింత

4 బార్ పాలిథిలిన్ లైనును ఒకటిన్నర రెట్లు, అంటే 6 బార్ గాలితో పరీక్షిస్తారు. రైజర్లను విడిగా. రిపోర్టులో మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రెండు సమయాల్లో గేజి అంకె, గేజి సరిచూసిన తేదీ ఉండాలి. ఎండలో మొదలుపెట్టి రాత్రి చూస్తే చల్లదనానికే అంకె కాస్త పడుతుంది, కాబట్టి ఉష్ణోగ్రత కూడా రాయించండి. బిల్డరు తరఫున ఒకరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి.

పరీక్ష అయిన రైజరులో గ్యాస్ నింపడానికి నెలలు పడితే, ఆ మధ్యలో ఏసీ బిగించే కుర్రాడు మేకు కొట్టి ఉండొచ్చు, పెయింటరు తాడు కట్టి ఉండొచ్చు. నింపే రోజున మళ్లీ పరీక్ష చేయాలని ఒప్పందంలో ఉండాలి.

గ్యాస్ వచ్చిన రోజు పొయ్యిలో జెట్, అంటే గ్యాస్ చిమ్మే ముక్కు, మార్చాల్సిందే. సిలిండరు పొయ్యి జెట్ రంధ్రం సన్నం. సహజవాయువులో ఘనపు మీటరుకు వేడి తక్కువ గనక పెద్ద రంధ్రం కావాలి. జెట్ మార్చకపోతే మంట బలహీనంగా ఉంటుంది. ఇంట్లోవాళ్లే సూదితో రంధ్రం పెద్దది చేయడం ప్రమాదం. జెట్ మార్పు సంస్థ ఖర్చుతో ఉచితమో కాదో దరఖాస్తులోనే చూడండి. సిలిండరు కనెక్షన్ వెనక్కివ్వాలన్న షరతు ఉంటే ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా. పైపు గ్యాస్ స్థిరపడకముందే సిలిండరు ఇచ్చేస్తే ఇంట్లో వంట ఆగిపోతుంది.

బిల్డరు సంఘానికి అప్పగించే ఫైలులో అసలు ఒప్పందం, అనుమతుల నకళ్లు, పరీక్ష రిపోర్టులు, వాల్వుల స్థానాలతో నక్షా, ఫ్లాటు వారీగా డిపాజిట్ రసీదులు, మీటరు నంబర్లు ఉండాలి. గేటు దగ్గరి మెయిన్ వాల్వు ఎటు తిప్పితే ఆగుతుందో వాచ్‌మన్‌కు చేతితో చేయించి చూపాలి.

ఫ్లాటు కొనేవాళ్లకు ఒక మాట. బ్రోషర్‌లో "పైపు గ్యాస్ సౌకర్యం" అని ఉంటే ఆ బ్రోషర్ దాచుకోండి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం అడిగే హక్కుంది. 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలో, సౌకర్యాలు కల్పించడంలో లోపం చూపితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సేల్ అగ్రిమెంటులో "పైపు గ్యాస్‌కు ఏర్పాటు" అన్న మాట ఉంటే ఏర్పాటు అంటే ఏమిటని అడగండి: గోడలో స్లీవు మాత్రమేనా, రైజరు దాకానా, మీటరు బిగించి పొయ్యి వెలిగేదాకానా. ఆ జవాబు సంతకానికి ముందు అగ్రిమెంటులోకి ఎక్కించుకోండి.